బుస్సీ దొర భాష

బుర్రకథలో ముగ్గురుంటారు. తంబురా భుజాన వేసుకుని, బొటనవేలికి అందెలు తొడుక్కుని, నడుమ నిలబడి కథ నడిపేవాడు కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో వంత పాడే ఇద్దరిలో ఒకరు రాజకీయం చెబుతారు, ఒకరు హాస్యం చెబుతారు. గోడల మీద కథకుడి పేరు రాస్తారు. రాజకీయం చెప్పినవాణ్ణి ఊరి పెద్దలు గుర్తుపెట్టుకుంటారు. హాస్యం చెప్పినవాడి మాటలు మాత్రం తెల్లారేసరికి బావి దగ్గరా, నారుమడి దగ్గరా జనం నోళ్లలో తిరుగుతుంటాయి. ఆ మనిషి పేరు ఎవరూ అడగరు.

మా తాతయ్య, అంటే మా అమ్మ నాన్న, హాస్యం చెప్పేవాడు. మంగళగిరిలో పగలు మగ్గం, రాత్రి గుమ్మెట. ఇక్కడ రాస్తున్నవాటిలో కొన్ని నేను కళ్లారా చూసినవి. ఎక్కువ భాగం మా అమ్మ, మామయ్యలు, తాతయ్య పక్కన ఏళ్ల తరబడి రాజకీయం చెప్పిన పెద్దాయన చెప్పినవి. ఆ పెద్దాయన్ని మేం చిన్నప్పటి నుంచీ గుమ్మెట తాత అనే పిలుస్తాం.

తాతయ్య ప్రస్తావన వస్తే మావాళ్లంతా "పుట్టుకతోనే నవ్వించేవాడమ్మా" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. నేత నేర్చుకున్నట్టే ఆయన నవ్వించడమూ నేర్చుకున్నాడు. అందుకు పడ్డ కష్టం పక్కనపెట్టి అదేదో దేవుడిచ్చిన వరం అనేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే.

షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు మాకు పెద్ద దూరమేమీ కాదు. ప్రజానాట్యమండలి దళంతో ఊరూరా తిరిగి బుర్రకథలోకి పేదవాడి గోడును తెచ్చిన మనిషి నాజర్. 1940ల్లో మద్రాసు ప్రభుత్వం ఆ కథల మీద నిషేధం పెట్టిందంటే వాటికి జనం ఎంతగా కూడేవారో చెప్పక్కర్లేదు. నిషేధాల రోజులు గడిచిపోయాక, తాతయ్యకు ఇరవై దాటిన వయసులో, పక్క ఊళ్లో నాజర్ గారి పల్నాటి యుద్ధం ఉందని తెలిసింది. మగ్గం మీద చీర సగంలో ఉంది. తెల్లారితే షావుకారుకి అప్పజెప్పాలి. తాతయ్య గుంటలోంచి లేచి, కాళ్లు కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా నడిచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి జనమంతా నాజర్ గారి కళ్ల వంకా, కాళ్ల గజ్జెల వంకా చూస్తుంటే తాతయ్య చూపు పక్కన గుమ్మెట పట్టుకున్న హాస్యగాడి మీద నిలిచిపోయింది. బాలచంద్రుడు యుద్ధానికి కదులుతున్నాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఏడుపు ఇంకాస్త ముదిరితే కథ వినపడదు. సరిగ్గా అప్పుడు ఆ పక్క మనిషి ఏదో చిన్న మాట అన్నాడు. జనం ఫక్కున నవ్వారు. నవ్వు సద్దుమణిగేసరికి కథకుడు మళ్లీ అందుకున్నాడు. ఈసారి ముందుకంటే ఎక్కువ ఏడిపించాడు.

"ఆ మాటేంటి తాతయ్యా?" అని నేను ఎన్నిసార్లు అడిగినా గుర్తులేదనేవాడు.

"మాటదేముంది అమ్మడూ. అది పడ్డ చోటు చూడు."

మర్నాటి నుంచి ఆ చోటు పట్టుకోవడానికి తాతయ్య కుస్తీ మొదలైంది. అందులో ఆయనకు గురువు మా అమ్మమ్మ.

ఇల్లంతా కలిపితే రెండు గదులు. ముందు గదిలో గుంటమగ్గం. తాతయ్య గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే అమ్మమ్మ పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరుగెత్తే చప్పుడే ఆయనకు తాళం. ఆ తాళం మీద కొత్త ముక్క కట్టి వినిపించేవాడు.

"ఎట్టా ఉందే?"

"ఆగలా."

"ఎక్కడ?"

"ఆ మాటన్నాక ఒక గుక్క ఊపిరి తీసుకోవాల. జనానికి తట్టేలోపే ఇంకో మాట వేస్తే మొదటిది చచ్చిపోద్ది."

మళ్లీ చెప్పేవాడు. మళ్లీ "ఆగలా" అనేది. గజం బట్ట నేసేసరికి ఒక ముక్క కుదిరేది. ఆ ముక్కలకు అమ్మమ్మ నవ్వడం తానెప్పుడూ చూడలేదని మా అమ్మ అంటుంది. నవ్వే పని జనానిది, వినే పని ఆమెది.

కథ ఉన్న సాయంత్రం తాతయ్య అరుగు మీదికి చేరి గుమ్మెట ఒళ్లో పెట్టుకునేవాడు. మట్టి గుమ్మెట అది. ఒక పక్క బిగించిన తోలు, రెండో పక్క ఖాళీ మూతి. కుడిచేత్తో తోలు మీద కొడుతూ ఎడమ అరచేత్తో ఆ మూతిని మూస్తూ తెరుస్తూ ఉంటే శబ్దం లోపలికి మునిగి మళ్లీ పైకి తేలేది. మంచు కురిసే రోజుల్లో తోలు మెత్తబడుతుంది, గడ్డిమంట సెగ చూపాలి. ఎక్కువైతే పగులుతుంది. ఆయన సెగ చూపి, గుమ్మెటను చెవి దగ్గరికి తెచ్చుకుని, గోటితో ఒక్కసారి మీటి విని, మళ్లీ సెగ చూపేవాడు. మేం పిల్లలం చుట్టూ మూగితే "జలుబు చేసింది పాపం, ఆవిరి పడుతున్నా" అనేవాడు. మేం నిజమే అనుకుని గుమ్మెటకు దుప్పటి తెచ్చేవాళ్లం.

వాళ్ల దళానికి పేరు తెచ్చింది బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి విజయనగరం రాజుతో కలిసి ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు తెచ్చిన కథ. తాండ్ర పాపారాయుడు, రంగారావు, మల్లమ్మదేవి ప్రతి ఊరికీ తెలిసినవాళ్లే. బుస్సీ ఏం మాట్లాడాడో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఖాళీలో తాతయ్య దూరాడు.

గుమ్మెట తాత ఇప్పటికీ ఆ ఘట్టం కూర్చున్నచోటే ఆడి చూపిస్తాడు. దుగ్గిరాలలో కథ అనుకోండి. పెట్రోమాక్స్ లైటు వెలుగులో తాతయ్య ఎర్ర తలపాగా నుదుటి మీదికి లాక్కుని, మెడ నిక్కించి, చేతులు వెనక్కి కట్టుకుని దొరలా నాలుగడుగులు వేసేవాడు.

"లరాగ్గిదు! లినాతె! రిగిళగమం!"

"దొరవారు ఏమని సెలవిస్తున్నారు?" అని కథకుడు.

గుమ్మెట తాత దుబాసీ హైదర్ జంగు వేషంలోకి మారి, "కోట ఖాళీ చెయ్యమంటున్నారు" అని తర్జుమా చేసేవాడు.

"లరాగ్గిదు!" అని దొర ఇంకా గట్టిగా గద్దించేవాడు.

"ఇప్పుడేమంటున్నారు?"

"భోజనం వేళయింది, తొందరగా ఖాళీ చెయ్యమంటున్నారు."

ముందు వరసలో నేలమీద కూర్చున్న పిల్లల్లో ఎవడో ఒకడికి ఎప్పుడో ఒకప్పుడు తట్టేది. "ఒరేయ్, దుగ్గిరాలరా! మన ఊరి పేరే తిప్పి చెబుతున్నాడు!" ఆ కేక వెనక్కి, ఇంకా వెనక్కి పాకి, గట్టు మీద కూర్చున్న ముసలాళ్ల దాకా చేరేది. ఇక ఐదు నిమిషాలు కథ లేదు. పిల్లలు లేచి నిలబడి తెనాలి, మంగళగిరి కనిపెట్టేవాళ్లు. ఆ పిల్లాడికి తట్టేదాకా విసుగు లేకుండా కాచుకోవడమే తాతయ్య గొప్పతనం. ఎన్నిసార్లు "లరాగ్గిదు" అనాల్సి వచ్చినా తొందరపడి గుట్టు విప్పేవాడు కాదు.

ఆ నవ్వు అణిగాక కోటలో ఆడవాళ్ల ఘట్టం వస్తుంది. శత్రువు చేతికి చిక్కకూడదని ప్రాణాలు వదులుకున్న తల్లులు, పిల్లలు. అక్కడ తాతయ్య వంత తప్ప ఒక్క మాట అనేవాడు కాదు.

"అక్కడ కూడా నవ్వించగలిగేవాళ్లు ఉంటారా తాతయ్యా?" అని నేనొకసారి అడిగాను.

"ఉంటారు. వాళ్లని దళంలో పెట్టుకోకూడదు" అన్నాడు.

కుటుంబ నియంత్రణ ప్రచారానికి ప్రభుత్వం బుర్రకథ దళాలను వాడుకున్న రోజులూ ఉన్నాయి. ఎర్ర త్రికోణం బొమ్మ వెనకాల కట్టి, చిన్న కుటుంబం మీద కథ చెప్పాలి. మా తాతయ్యకు ఐదుగురు పిల్లలు. ఒక ఊళ్లో కథ మంచి పట్టులో ఉండగా ఒకాయన లేచి "నీకెంతమందయ్యా?" అని అరిచాడు. కథకుడు తడబడ్డాడు. తాతయ్య గుమ్మెట ఆపి, చేతులు జోడించాడు. "ఐదుగురండీ! గుంట లోతెంతో మునిగినోడే కదండీ చెప్పాల్సింది!" ఆ మాట ఎంత పాకిందంటే తర్వాత వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు కావాలని లేచి ఆ ప్రశ్న అడిగేవారట.

దివిసీమ రాత్రి గురించి వివరంగా రాయాలి.

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం ఉప్పెనై దివిసీమ మీదికి వచ్చింది. పదివేల మంది దాకా పోయారని సర్కారు లెక్క, అంతకంటే ఎక్కువేనని జనం మాట. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. మా తాతయ్య దళం కూడా తన శక్తికొద్దీ కదిలింది. గుంటూరు వైపు ఊళ్లలో కథలు చెప్పి డబ్బులు వద్దని బియ్యం, బట్టలు అడిగారు. మగ్గాలవాళ్లు తువ్వాళ్లు, చీరలు ఇచ్చారు. సంక్రాంతి నెలలో అవన్నీ లారీకెక్కించుకుని చల్లపల్లి దాటి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా అవనిగడ్డ చేరారు. అక్కడి నుంచి కోడూరు దారిలో తాటాకు పాకలు వేసిన ఒక శిబిరానికి వెళ్లారు. దారి పొడవునా తలలు విరిగిన తాడిచెట్లే. లారీలో ఎవరూ మాట్లాడలేదు.

బియ్యం దించాక శిబిరం నడిపే కుర్రాళ్లు ఒక కథ చెప్పిపొమ్మన్నారు. ముగ్గురూ లారీ చాటుకి వెళ్లి మాట్లాడుకున్నారు.

"బొబ్బిలి వద్దు" అన్నాడు కథకుడు.

"పల్నాడూ వద్దు" అన్నాడు గుమ్మెట తాత.

"ఎవరూ చావని కథ కావాల బావా" అన్నాడు తాతయ్య.

వెతగ్గా వెతగ్గా రామాంజనేయ యుద్ధం దొరికింది. యయాతికి మాటిచ్చిన హనుమంతుడు సాక్షాత్తూ రాముడికే ఎదురు నిలబడిన కథ. భీకరమైన యుద్ధమే గానీ చివరికి అందరూ బతికే ఉంటారు. హాస్యం మాత్రం వద్దనుకున్నారు. ఇంటికొకరు, ఇద్దరు పోయినవాళ్ల ముందు నవ్వులాటలేమిటని.

కథ అరగంట నడిచింది. జనం కూర్చున్నారు గానీ వింటున్నట్టు లేదు. అప్పుడు ముందు వరసలోంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఏవయ్యా, ఆ ఎర్ర తలపాగా అబ్బాయ్. నవ్విస్తావని చెప్పి నన్ను తీసుకొచ్చారు. నోరు కట్టేసుకుని నిలబడ్డావేంటి?"

గుమ్మెటలు ఆగిపోయాయి. తాతయ్య కథకుడి వంక చూశాడు. కథకుడు నేల చూపులు చూశాడు. తాతయ్య ముందుకొచ్చి ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీదే ఊరు?"

"పాలకాయతిప్ప."

ఆ ఊరు సముద్రానికి ఎంత దగ్గరో అక్కడున్న అందరికీ తెలుసు. తాతయ్య లేచాడు. హనుమంతుడి కొలువులో కోతిభటుడై, చంక గోక్కుంటూ రెండు గంతులు వేసి, కథకుడి వైపు తిరిగి కోతి భాషలో విన్నపం మొదలుపెట్టాడు.

"ప్ప... ప్పతి... ప్పతియలా..."

నాలిక తిరగలేదు. అది నటన కాదనీ, నిజంగానే తిరగలేదనీ గుమ్మెట తాత ఒట్టేసి చెబుతాడు. రెండోసారీ తప్పాడు. పాక గుంజను పట్టుకుని నిలబడిన పిల్లాడొకడు కిసుక్కుమన్నాడు. మూడోసారి ఊపిరి బిగబట్టి "ప్పతియకాలపా!" అనేశాడు.

ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మాది సొర్లగొంది" అని వెనక నుంచి ఒక మగమనిషి గొంతు. తాతయ్య తిప్పాడు. "కోడూరు!" "రుడూకో!" "హంసలదీవి!" "విదీలసహం!" తలో పక్క నుంచీ ఊళ్లు వచ్చిపడుతున్నాయి. ప్రతి ఊరూ కోతి నోట్లో పడి తలకిందులై బయటికొస్తోంది. కొందరు నవ్వుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు, రెండూ చేస్తున్నవాళ్లూ ఉన్నారు. ఎవరూ లేచి పోలేదు.

కాసేపటికి ఆ ముసలమ్మే మళ్లీ చెయ్యెత్తింది.

"ఇప్పుడు తిన్నగా చెప్పు నాయనా."

"ఏంటమ్మా?"

"మా ఊరు. తిన్నగా చెప్పు."

తాతయ్య తలపాగా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. "పాలకాయతిప్ప" అన్నాడు. గుమ్మెట మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు. మిగతావాళ్లూ అడిగారు. ఒక్కో పేరు తిన్నగా, ఒక్కో పేరుకి ఒక్కో దెబ్బ. అన్నీ అయ్యాక కథ మళ్లీ అందుకుంటే ఈసారి జనం విన్నారు. రాముడూ హనుమంతుడూ రాజీపడేసరికి చాలా పొద్దుపోయింది.

ఈ సంగతి ఎప్పుడొచ్చినా తాతయ్య ఘనత అంతా ఆ ముసలమ్మకే ఇచ్చేవాడు. "నాకు తిప్పడం వరకే వచ్చు. తిన్నగా చెప్పాలని ఆవిడ నేర్పింది" అనేవాడు. ఇంటికొచ్చి అమ్మమ్మకు చెబితే ఆమె రాట్నం ఆపి, "ఇకమీదట యాడ చెప్పినా అట్టాగే ముగించు" అందట. అప్పటి నుంచి బొబ్బిలి కథలోనూ అదే వరస. బుస్సీ దొర ఊరి పేరు తిప్పి తిప్పి జనాన్ని నవ్వించాక తాతయ్య తలపాగా వెనక్కి నెట్టి, ఆ ఊరి పేరు ఒక్కసారి తిన్నగా పలికి, ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ దెబ్బ మీదే కథకుడు కోట లోపలికి వెళ్లేవాడు.

ఎనభైల్లో నవరాత్రి పందిళ్లలోకి వీడియో డెక్కులు వచ్చాయి. దళానికిచ్చే డబ్బుతో తెల్లవార్లూ సినిమాలు వేయించుకోవచ్చు. 1986లో నాజర్ గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు తాతయ్య అప్పుచేసి వీధి వీధంతా పానకం పంచాడు. ఆ తర్వాత కథకుడు పోయాడు, దళం చెదిరింది. గుమ్మెట అటక ఎక్కలేదు గానీ అరుగు దాటలేదు.

మా తరం పిల్లలు ఎక్కువగా చూసింది ఆ అరుగు మీది తాతయ్యనే. మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి, పోసిన పానకంలో సగమే తాగి మిగతా సగం భక్తుడికి వదిలేస్తాడని మా ఊరి నమ్మకం. "నా కష్టంలో షావుకారు తీసుకున్నాడు, దళారీ తీసుకున్నాడు. కచ్చితంగా సగం తిరిగిచ్చేది ఈ సామి ఒక్కడే" అనేవాడు. కళాకారుల పింఛను కోసం ఏటా బతికే ఉన్నానని కాగితం పెట్టాలి. ఒక ఏడాది అది ఆలస్యమై పింఛను ఆగింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూ కూడా సంతకం లేనిదే కుదరదన్నాడు గుమాస్తా. "అయ్యా, పోయినప్పుడు కూడా నేనే వచ్చి చెప్పాలా, పిల్లల్ని పంపితే సరిపోద్దా?" అని తాతయ్య వినయంగా అడిగాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు, గుమాస్తా కూడా. ఆ సంతకం ఎక్కడ పెట్టించుకోవాలో ఆయనే వెంటపెట్టుకుని తీసుకెళ్లి చూపించాడు.

చివరి వేసవిలో గొంతు సన్నబడింది. ఏదీ మింగుడుపడేది కాదు. మా అమ్మ చెంచాతో మజ్జిగ పడుతుంటే సగం తాగి తల అడ్డంగా ఊపి, "మీ అందరికీ తెలియకుండా కొండెక్కి కూచున్నానే. సగమే తాగుతా. మిగతాది ప్రసాదం, తీసుకోండి" అన్నాడు. మా అమ్మ ఆ మజ్జిగ తాగింది. నవ్వుకుంటూనే తాగింది.

పెద్దకర్మ రాత్రి ఏ కథ చెప్పించాలో ముందే చెప్పిపెట్టాడు. బొబ్బిలి. "మల్లమ్మ దగ్గర ఏడవండి, వద్దన్ను. బుస్సీ వచ్చినప్పుడు నవ్వకపోతే మాత్రం లేచొస్తా."

దుగ్గిరాల వైపు నుంచి ఒక ఆడపిల్లల దళం వచ్చింది. రాజకీయం చెప్పే అమ్మాయిని పక్కకు జరిపి ఆ ఒక్క కథకీ గుమ్మెట తాత కుర్చీలో కూర్చుని హైదర్ జంగు అయ్యాడు. హాస్యం చెప్పిన అమ్మాయికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. చురుకైన పిల్ల, గుమ్మెట తాత దగ్గర బుస్సీ ముక్క నేర్చుకుని వచ్చింది. మా వీధిలో, మా ఇంటి ముందు పందిట్లో, తలపాగా నుదుటి మీదికి లాక్కుని "రిగిళగమం!" అంది. మా మామయ్య మనవడు ముందుగా కనిపెట్టి కేకేశాడు. పందిరంతా నవ్వింది. ఆ నవ్వుకి బెదిరిందో, ఉత్సాహపడిందో, ఆ అమ్మాయి గబుక్కున తర్వాతి మాట అందుకుని కోట దగ్గరికి వెళ్లిపోయింది.

"ఏమ్మాయ్, ఆగు!"

అమ్మమ్మ కేక. గుమ్మెటలు ఆగాయి. మా మామయ్యలు ఆమె దగ్గరికి పరుగెత్తబోయారు.

"నాకేం కాలేదు, మీరు కూచోండి. ఏమ్మాయ్, ఇట్టా చూడు. నవ్వనీ వాళ్లని. వాళ్ల నవ్వు అయ్యిందాకా ఆగాల. అయినాక ఊరి పేరు తిన్నగా చెప్పి, దెబ్బేసి, అప్పుడు కోటలోకి పో. మళ్లీ రా, మొదట్నించీ."

ఆ అమ్మాయి గుమ్మెట తాత వంక చూసింది. ఆయన తల ఊపాడు. బుస్సీ దొర మళ్లీ మెడ నిక్కించుకుని వచ్చాడు. "రిగిళగమం! రిగిళగమం!" ఈసారి అందరికీ తెలిసిన గుట్టే, అయినా పిల్లలు ఇంకా గట్టిగా నవ్వారు. ఆ పిల్ల కదలకుండా నిలబడి, వెనక వరసల్లో ఆఖరి నవ్వు కూడా పూర్తయ్యేదాకా కాచుకుంది. తలపాగా వెనక్కి నెట్టింది.

"మంగళగిరి!"

దెబ్బ పడింది.

"ఆఁ, ఇక నడిపించు" అంది అమ్మమ్మ.